తండ్రి కట్టే చైల్డ్ సపోర్ట్, తల్లికి వచ్చే వెల్ఫేర్: అమెరికాలోని తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

భర్త నుంచి విడిపోయి, పిల్లల్ని దగ్గర పెట్టుకుని, కొన్నాళ్లు ప్రభుత్వ నగదు సాయం మీద నెట్టుకొచ్చిన తెలుగు తల్లులు అమెరికాలో మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉన్నారు. పరువు పోతుందని బయటికి చెప్పుకోరు, అంతే. మాకు ఫోన్ చేసినప్పుడు మాత్రం అందరివీ దాదాపు అవే సందేహాలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఈ గందరగోళమంతా ఒక్క రూలు దగ్గర మొదలవుతుంది. ట్యానిఫ్ అనే ప్రభుత్వ నగదు సాయం (వెల్ఫేర్ అనేది దీన్నే) తీసుకుంటున్నంత కాలం, తండ్రి కట్టే చైల్డ్ సపోర్ట్ మీద మొదటి హక్కు ప్రభుత్వానిది, మీది కాదు. ఈ సంగతి అప్లికేషన్ రోజున ఎవరూ విడమరిచి చెప్పరు. మొదటి పేమెంటు చూసుకున్నాక గానీ తెలియదు.

పిల్లలు తల్లి దగ్గర ఉన్నట్టు రాశాం. తండ్రి దగ్గర ఉంటే ఇవే రూల్స్ ఆయనకు వర్తిస్తాయి.

## అప్లై చేసే ముందు

నేను హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్యకు ఇచ్చే వీసా) మీద ఉన్నాను. నాకు వెల్ఫేర్ వస్తుందా?

మీకు రాదు. అమెరికాలో పుట్టిన మీ బిడ్డకు మాత్రం రావచ్చు. బిడ్డ సిటిజన్ కాబట్టి, బిడ్డ పేరు మీదే కేసు నడుస్తుంది. దీన్ని చైల్డ్-ఓన్లీ కేసు అంటారు. సంరక్షకురాలిగా సంతకాలు మీవి, లెక్కలోకి వచ్చేది బిడ్డ ఒక్కరే. అందుకే గ్రాంటు కూడా తక్కువ. పెద్దవాళ్లకు ఫెడరల్ డబ్బుతో జీవితం మొత్తం మీద 60 నెలలే సాయం అనే పరిమితి ఉంది కదా, ఇలాంటి కేసుల్లో ఆ నెలలు ఖర్చు కావు.

గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు కూడా మామూలుగా ఐదేళ్లు ఆగాలి. 1996 సంక్షేమ చట్టం పెట్టిన రూలు ఇది. దీనికి మినహాయింపులున్నాయి. కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో ముందే ఇస్తాయి కూడా. కాబట్టి కౌంటీ ఆఫీసులో అడగకుండానే రాదని తేల్చేసుకోకండి.

చైల్డ్ సపోర్ట్ అడిగితే నా గ్రీన్ కార్డుకు దెబ్బ తగులుతుందా?

చైల్డ్ సపోర్ట్ ప్రభుత్వ సాయం కాదు. అది బిడ్డకు తండ్రి ఇవ్వాల్సిన డబ్బు. కోర్టుకెళ్లి దాన్ని తెచ్చుకున్నంత మాత్రాన పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీదే బతుకుతారని గ్రీన్ కార్డు నిరాకరించే నిబంధన) కిందికి రారు.

నగదు వెల్ఫేర్ సంగతి వేరు. 2022 నిబంధనల ప్రకారం బిడ్డ కోసం తీసుకున్న సాయాన్ని తల్లి తీసుకున్నట్టు లెక్కగట్టరు. అయితే ఈ నిబంధనలు ప్రభుత్వం మారినప్పుడల్లా అటూ ఇటూ అవుతున్నాయి. గ్రీన్ కార్డు అప్లికేషన్ దగ్గర్లో ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. వాట్సాప్ గ్రూపులో అడిగితే పదిమంది పది రకాలుగా చెబుతారు.

ఫుడ్ స్టాంప్స్ (తిండి ఖర్చుకు ప్రభుత్వ సాయం), మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) మాత్రమే తీసుకుంటున్నాను. సపోర్ట్ డబ్బు పట్టుకుంటారా?

పట్టుకోరు. నగదు సాయం లేకపోతే సపోర్ట్ మొత్తం మీకే వస్తుంది. కాకపోతే ఫుడ్ స్టాంప్స్ లెక్కలో దాన్ని ఆదాయంగా చూపించాలి. మెడికెయిడ్ అర్హతకు మాత్రం చైల్డ్ సపోర్ట్‌ను ఆదాయంగా లెక్కపెట్టరు. మెడికెయిడ్ ఆఫీసు అడిగేదల్లా వైద్య ఖర్చులకు తండ్రి ఇవ్వాల్సినదాని మీద హక్కు.

వెల్ఫేర్ జోలికి పోకుండా చైల్డ్ సపోర్ట్ ఆఫీసు సాయం మాత్రమే తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. తండ్రిని వెతకడం, సపోర్ట్ కట్టాలనే ఆర్డరు తేవడం, జీతంలోంచి వసూలు చేయడం అన్నీ వాళ్లే చేస్తారు. అప్లికేషన్ ఫీజు ఉంటే 25 డాలర్లకు మించదు. ఎప్పుడూ ట్యానిఫ్ తీసుకోని కుటుంబమైతే, ఏడాదిలో 550 డాలర్లు వసూలయ్యాక 35 డాలర్ల వార్షిక ఫీజు పడుతుంది. కొన్ని రాష్ట్రాలు దాన్ని తామే భరిస్తాయి. ప్రైవేటు లాయర్ ఒక్క గంటకు తీసుకునేదాంతో పోలిస్తే ఇది లెక్కలోనిది కాదు. టెక్సస్‌లో ఈ పని అటార్నీ జనరల్ ఆఫీసుది. కాలిఫోర్నియాలో స్థానిక చైల్డ్ సపోర్ట్ ఏజెన్సీలు చూస్తాయి.

## అప్లికేషన్ రోజున

సంతకం పెట్టమంటే పెట్టేశాను. అసలు నేను ఏం రాసిచ్చినట్టు?

సాయం తీసుకుంటున్న కాలానికి మీ కుటుంబానికి రావాల్సిన సపోర్ట్ మీద హక్కును రాష్ట్రానికి రాసిచ్చారు. దీన్నే అసైన్‌మెంట్ అంటారు. అది లేకుండా ట్యానిఫ్ ఇవ్వకూడదని ఫెడరల్ చట్టమే చెబుతోంది. మీకిచ్చిన గ్రాంటును తండ్రి నుంచి రాబట్టుకోవడమే దీని ఉద్దేశం.

దీనికి రెండు హద్దులున్నాయి. మీకు మొత్తం ఇచ్చిన సాయం కంటే ఎక్కువ ప్రభుత్వం ఉంచుకోకూడదు. అలాగే 2009 అక్టోబరు తర్వాత అప్లై చేసినవాళ్ల విషయంలో, సాయం మొదలవకముందు నాటి బకాయిలు ప్రభుత్వానికి చెందవు. విడిపోయాక ఏడాదిపాటు ఆయన కట్టలేదు, ఆ తర్వాత మీరు సాయానికి వెళ్లారు అనుకోండి. ఆ ఏడాది బకాయి మీదే.

ఆయన వివరాలు చెప్పనంటే ఏం చేస్తారు?

గ్రాంటులో కనీసం 25 శాతం కోస్తారు. అది ఫెడరల్ చట్టం పెట్టిన కనిష్ఠం. మొత్తం గ్రాంటు ఆపేసే అధికారం కూడా రాష్ట్రాలకు ఉంది, కొన్ని ఆపేస్తాయి.

సహకారం అంటే మీకు తెలిసింది చెప్పడం, పిలిచినప్పుడు వెళ్లడం, అవసరమైతే బిడ్డకు డీఎన్‌ఏ పరీక్ష చేయించడం. తెలియనిదాన్ని పుట్టించి చెప్పక్కర్లేదు. ఆయన ఏ కంపెనీకి మారాడో తెలియకపోతే తెలియదనే రాయండి. పాత కంపెనీ పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్న పాత టాక్స్ రిటర్న్, పెళ్లి సర్టిఫికెట్ ఉంటే తీసుకెళ్లండి. కొత్త ఉద్యోగంలో చేరిన ప్రతివాళ్ల వివరాలనూ యజమాని ప్రభుత్వానికి పంపాలి కాబట్టి, ఆ నంబరు ఒక్కటి దొరికితే మిగతాది వాళ్లే పట్టుకుంటారు.

ఆయన నన్ను కొట్టేవాడు. కేసు వేస్తే ఇంటి మీదికొస్తాడని భయం. అయినా సహకరించాల్సిందేనా?

అక్కర్లేదు. గుడ్ కాజ్ అనే మినహాయింపు ఉంది. మీకు గానీ బిడ్డకు గానీ హాని జరిగే ప్రమాదం ఉందని చెబితే, ఒప్పుకున్నాక సహకారం షరతు ఎత్తేస్తారు, గ్రాంటు కోయరు. అత్యాచారం వల్ల పుట్టిన బిడ్డ, దత్తత ఇవ్వబోతున్న బిడ్డ విషయంలో కూడా సాధారణంగా ఈ మినహాయింపు ఇస్తారు.

కేస్‌వర్కర్ దీని గురించి తనంతట తాను అడగకపోవచ్చు. మీరే నోరు తెరిచి "గుడ్ కాజ్ ఫారం ఇవ్వండి" అనాలి. పోలీసు రిపోర్టు, ప్రొటెక్షన్ ఆర్డరు, ఆసుపత్రి కాగితం, షెల్టర్ నుంచి ఉత్తరం లాంటివి ఏవున్నా పనికొస్తాయి. మనవాళ్లలో చాలామంది దగ్గర ఏ కాగితమూ ఉండదు, ఎందుకంటే ఎప్పుడూ పోలీసుల్ని పిలిచి ఉండరు. అలాంటప్పుడు విషయం తెలిసిన స్నేహితురాలో, పక్కింటివాళ్లో రాసిచ్చిన వాంగ్మూలం తీసుకుంటారా అని అడగండి.

డబ్బు కావాలి, అడ్రసు మాత్రం ఆయనకు తెలియకూడదు అనుకుంటే దానికీ దారి ఉంది. మీ ఫైలు మీద కుటుంబ హింస గుర్తు పెట్టించుకుంటే మీ వివరాలు బయటికివ్వరు. జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233. తెలుగులో మాట్లాడాలి, దుభాషి కావాలి అని అడగండి.

మేమిద్దరం మాట్లాడుకుని ఒప్పందానికొచ్చాం. కేసు వద్దంటే ఊరుకుంటారా?

ఊరుకోరు. సాయం తీసుకుంటున్నప్పుడు ఆ డబ్బు మీద హక్కు రాష్ట్రానిది. "ఆయన దగ్గర నాకేమీ వద్దు" అని మీరు రాసిచ్చినా చెల్లదు. ఇండియాలో పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం సంగతీ అంతే.

పెళ్లి ఇండియాలో అయింది, ఇక్కడ రిజిస్టర్ చేయలేదు. తండ్రి ఆయనే అని రుజువు చేయాలా?

పెళ్లయిన జంటకు పుట్టిన బిడ్డకు భర్తనే తండ్రిగా చట్టం అనుకుంటుంది. పెళ్లి ఇండియాలో చట్టబద్ధంగా జరిగితే చాలు, ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయక్కర్లేదు. సర్టిఫికెట్ లేకపోతే మాత్రం అక్కడి రిజిస్ట్రార్ దగ్గర తెప్పించుకోండి. పెళ్లి కాని జంట అయితే ఆసుపత్రిలో ఇద్దరూ సంతకం చేసిన పితృత్వ అంగీకార పత్రం చాలు. దాన్ని 60 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాత మోసం, బలవంతం లాంటివి రుజువు చేస్తేనే కుదురుతుంది.

## ఆర్డరు, వసూలు

నెలకు ఎంత అని ఎవరు తేలుస్తారు?

రాష్ట్రం పెట్టుకున్న సూత్రం. ఎక్కువ రాష్ట్రాలు ఇద్దరి ఆదాయాలూ కలిపి, ఎవరి వాటా ఎంతో చూస్తాయి. టెక్సస్ మాత్రం కట్టేవాళ్ల నికర ఆదాయంలో ఒక బిడ్డకు 20 శాతం, ఇద్దరికి 25 శాతం అనే పద్ధతిలో పోతుంది. మీరు వెల్ఫేర్ మీద ఉన్నారు కదా అని ఈ మొత్తం తగ్గదు, పెరగదు.

ఆయన జీతం నుంచి డబ్బు చేరడానికి ఎన్నాళ్లు పడుతుంది?

ఆర్డరు కంపెనీకి చేరాక, జీతం ఇచ్చిన నాటి నుంచి ఏడు పనిదినాల్లో కంపెనీ ఆ కోతను రాష్ట్ర చెల్లింపుల కేంద్రానికి పంపాలి. వివరాలు సరిగ్గా ఉంటే అక్కడి నుంచి రెండు పనిదినాల్లో బయటికి రావాలి. ఆలస్యమంతా అంతకుముందే, ఆర్డరు తెచ్చుకోవడంలో ఉంటుంది. దానికి నెలలు పడుతుంది. ఆయన కాంట్రాక్టర్‌గా ఉంటూ ప్రాజెక్టులు మారుతుంటే ప్రతిసారీ కొత్త యజమానికి ఆర్డరు వెళ్లాలి. ఆ మధ్యలో ఒకటి రెండు నెలలు ఖాళీ పోతుందని అనుకోండి.

## సాయం వస్తున్నప్పుడు నెల నెలా

ఆయన పేస్టబ్‌లో 600 డాలర్లు కట్ అయింది. నాకు 100 మాత్రమే వచ్చింది. మిగతాది ఎవరు తిన్నారు?

ఎక్కువ ఫోన్లు దీని గురించే. ఎవరూ తినలేదు. ప్రభుత్వం జమ చేసుకుంది.

కాలిఫోర్నియాలో క్యాల్‌వర్క్స్ (అక్కడ ట్యానిఫ్ పేరు ఇది) తీసుకుంటున్న ఒక తల్లి, ఒక బిడ్డ అనుకుందాం. ఆర్డరు 600. ఆయన కట్టిన 600లో మొదటి 100 మీకిస్తారు. దీని పేరు పాస్-త్రూ. ఇద్దరు పిల్లలుంటే 200 వరకు. 2022 జనవరి వరకు ఇది 50 డాలర్లే ఉండేది. మిగిలిన 500 మీకిస్తున్న గ్రాంటుకు బదులుగా ప్రభుత్వానికి పోతుంది. అందులో సగం రాష్ట్రానికి, సగం ఫెడరల్ ప్రభుత్వానికి.

ఆ 100 వల్ల మీ గ్రాంటు తగ్గదు. గ్రాంటు 700 అనుకుంటే నెలకు మీ చేతికి 800 వస్తుంది. ఆయన లెక్కలో మాత్రం 600 పూర్తిగా కట్టినట్టే. అందుకే ఇద్దరి మధ్య ఫోన్‌లో గొడవ. "నేను ఆరొందలు పంపుతున్నా, ఏం చేస్తున్నావు?" అని ఆయన, "నాకు వంద తప్ప రాలేదు" అని ఈమె. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఏజెన్సీ వెబ్‌సైటులో పేమెంట్ హిస్టరీ ఉంటుంది. దాన్ని ఇద్దరూ తెరిచి చూసుకుంటే సగం తగాదా అక్కడే ఆగిపోతుంది.

మా రాష్ట్రంలో పాస్-త్రూ ఎంత?

రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో ఒక బిడ్డకు 100, ఇద్దరికీ అంతకంటే ఎక్కువమందికీ 200 డాలర్ల వరకు. టెక్సస్‌లో 75 డాలర్ల వరకు. కొలరాడో 2017 ఏప్రిల్ నుంచి ఆ నెల సపోర్ట్ మొత్తాన్ని కుటుంబానికే ఇస్తూ, గ్రాంటులో కోయడం కూడా మానేసింది. అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. ఒక్క డాలరు కూడా ఇవ్వని రాష్ట్రాలూ చాలానే ఉన్నాయి. ఉద్యోగాల కోసం రాష్ట్రాలు మారే మనవాళ్లకు ఇది గుర్తుండాలి. కొత్త ఊళ్లో పాత లెక్క పనిచేయదు.

పోయిన నెల 100 వచ్చింది. ఈ నెల రాలేదు. ఎందుకు?

ఆ నెల సపోర్ట్ నిజంగా వసూలైతేనే పాస్-త్రూ వస్తుంది. ఆయన ఉద్యోగం మారితేనో, కంపెనీ ఆలస్యం చేస్తేనో ఆ నెల ఉండదు. తర్వాత ఆయన ఒకేసారి రెండు నెలలది కట్టినా, రెండో వంద వస్తుందని లెక్క వేసుకోకండి. పాత బకాయి కింద వచ్చిన డబ్బుకు చాలాచోట్ల పాస్-త్రూ ఉండదు. అద్దె, కరెంటు బిల్లు లాంటి తప్పనిసరి ఖర్చుల్ని ఈ వంద మీద పెట్టుకోవద్దు.

ఆ 100 వల్ల ఫుడ్ స్టాంప్స్ తగ్గుతాయా?

తగ్గవచ్చు. నగదు సాయం ఆఫీసు ఆ వందను చూడనట్టు వదిలేసినా, ఫుడ్ స్టాంప్స్ లెక్కలో అది ఆదాయమే. నికర ఆదాయం వంద పెరిగితే స్టాంప్స్ సుమారు 30 డాలర్లు తగ్గుతాయి. అద్దె భారం ఎక్కువున్న ఇంటికి కోత 45 దాకా పోవచ్చు. ప్రభుత్వం పట్టుకున్న మిగతా 500ను మాత్రం మీ ఆదాయంగా లెక్కపెట్టకూడదు. పెట్టారని అనుమానం వస్తే బడ్జెట్ కాగితం అడిగి, ఆదాయం వరసలో ఎంత వేశారో చూడండి.

ఆఫీసుకెందుకు, నేరుగా నీకే జెల్ (బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే యాప్) చేస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

సాయం మీద ఉన్నంత కాలం తీసుకోవద్దు. తీసుకుంటే కేస్‌వర్కర్‌కి చెప్పి, ఆ డబ్బు ఏజెన్సీకి అప్పజెప్పాలి. చెప్పకపోతే తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగినప్పుడు బయటపడుతుంది. అప్పుడు ఎక్కువిచ్చామంటూ వెనక్కి కట్టమంటారు, మోసం కేసు దాకా కూడా పోవచ్చు.

ఆయనకూ నష్టమే. ఏజెన్సీ ద్వారా రాని డబ్బు ఆయన ఖాతాలో కట్టినట్టు పడదు. దాన్ని బహుమతి అనేస్తారు, బకాయి అలాగే ఉండిపోతుంది. నాన్నమ్మ, తాతయ్య ఇండియా నుంచి మీ ఖాతాలో వేసే డబ్బు చైల్డ్ సపోర్ట్ కాదు గానీ, దాన్నీ కేస్‌వర్కర్‌కి చెప్పాల్సిందే. పుట్టినరోజుకు ఆయన సైకిలు కొనిపెడితే మాత్రం టెన్షన్ పడక్కర్లేదు, అది సపోర్ట్ కింద జమ కాదు.

మా బాబుకు ఆటిజం, ఎస్‌ఎస్‌ఐ (వైకల్యం ఉన్నవాళ్లకు సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఇచ్చే నెలవారీ సాయం) వస్తోంది. వాడి సపోర్ట్ కూడా ప్రభుత్వానికేనా?

కాదు. ఎస్‌ఎస్‌ఐ తీసుకునే బిడ్డను ట్యానిఫ్ లెక్కలో కలపరు, కాబట్టి ఆ బిడ్డ వాటా సపోర్ట్ రాష్ట్రానికి పోకూడదు. కేసులో పొరపాటున కలిపేస్తుంటారు. ఇద్దరు పిల్లలుండి ఒకరికే ఎస్‌ఎస్‌ఐ ఉంటే మరీ. అడిగి విడదీయించుకోండి. వచ్చిన సపోర్ట్‌లో మూడో వంతును వదిలేసి, మిగతాదాన్ని బాబు ఆదాయంగా లెక్కవేసి ఎస్‌ఎస్‌ఐ తగ్గిస్తారు. అందుకే ఆ విషయం సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు కూడా తెలియజేయాలి.

ఆయన పైసా కట్టడం లేదు. నా గ్రాంటు ఆపేస్తారా?

ఆపరు. ఆయన కట్టినా కట్టకపోయినా మీ గ్రాంటు మీకు వస్తుంది. మీ వంతు సహకారం ఉంటే చాలు. కట్టనివాడి వెంట పడే పని ప్రభుత్వానిది. ఈ పద్ధతిలో తల్లికి నిజంగా ఒరిగే మేలు ఇదొక్కటే అనిపిస్తుంది.

సపోర్ట్ నా గ్రాంటు కంటే ఎక్కువ వస్తోంది. ఇంకా సాయం మీద ఉండటం ఎందుకు?

మంచి ప్రశ్న, చాలామంది ఆలస్యంగా అడుగుతారు. ఆయన నెలకు 900 కడుతున్నాడు, మీ గ్రాంటు 700 అనుకోండి. సాయం వదిలేస్తే 900 మీకే. చైల్డ్-ఓన్లీ కేసుల్లో గ్రాంటు చిన్నది కాబట్టి ఈ పరిస్థితి తొందరగా వస్తుంది.

వదిలేముందు ఆయన ఆరు నెలల పేమెంట్ హిస్టరీ చూడండి. జీతంలోంచి క్రమంగా కట్ అవుతుంటే ధైర్యంగా వదలొచ్చు. రెండు నెలలు కట్టి రెండు నెలలు ఎగ్గొట్టేవాడైతే ఉన్న గ్రాంటే నయం. పిల్లల డేకేర్ సాయం ట్యానిఫ్‌తో ముడిపడి ఉందేమో కూడా కనుక్కోండి. డేకేర్ పోతే మిగిలేదేమీ ఉండదు.

బిడ్డ కోసం తండ్రి ఇచ్చేది ప్రభుత్వం తీసుకోవడం అన్యాయం కాదా?

మా దృష్టిలో అన్యాయమే. 1975 జనవరిలో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన చట్టంతో ఫెడరల్ చైల్డ్ సపోర్ట్ కార్యక్రమం మొదలైంది. వెల్ఫేర్ ఖర్చు తిరిగి రాబట్టడం అప్పుడు ప్రధాన లక్ష్యం. 1984లో నెలకు మొదటి 50 డాలర్లు కుటుంబానికి వదలాలని చట్టం చేశారు. 1996లో ఆ నిబంధన తీసేసి, ఇవ్వడం ఇవ్వకపోవడం రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. 2006లో వచ్చిన చట్టంలో, ఒక బిడ్డకు 100, ఇద్దరికి 200 వరకు రాష్ట్రం ఇస్తే ఫెడరల్ ప్రభుత్వం అందులో తన వాటా అడగదన్నారు. ఇప్పుడు చాలాచోట్ల కనిపించే 100, 200 అంకెలు అక్కడి నుంచి వచ్చినవే. ద్రవ్యోల్బణం ఇంత పెరిగినా ఆ అంకెలు కదల్లేదు.

## తండ్రులు అడిగేవి

నేను కట్టేది పిల్లలకు చేరనప్పుడు ఎందుకు కట్టాలి?

కట్టకపోతే బకాయి మీ పేరున పెరుగుతుంది, పిల్లల గ్రాంటు ఎలాగూ వస్తూనే ఉంటుంది. కోర్టు ఆర్డరు ఉండగా కోపం చూపించడానికి ఇది చోటు కాదు. పిల్లలకు ఇంకాస్త చేరాలంటే తల్లి సాయం నుంచి బయటపడేలా చూడటమే దారి. మీరు క్రమంగా కడితేనే ఆమె సాయం వదిలేయగలదు.

లేఆఫ్ అయింది. హెచ్-1బి వీసా మీద ఇంకో ఉద్యోగం లేకుండా ఇక్కడ ఉండటానికి 60 రోజులే టైముంది. సపోర్ట్ ఎలా కట్టాలి?

ఉద్యోగం పోయిన వారంలోనే ఆర్డరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. 1986లో వచ్చిన ఫెడరల్ సవరణ ప్రకారం, గడువు దాటిన సపోర్ట్‌ను వెనక్కి వెళ్లి తగ్గించే అధికారం ఏ జడ్జికీ లేదు. మీ దరఖాస్తు నోటీసు అవతలివాళ్లకు అందిన తేదీ నుంచే మార్పు కుదురుతుంది. కొత్త ఉద్యోగం వచ్చాక చూద్దాం అనుకుంటే ఆ నెలలు పాత జీతం లెక్కనే బకాయి పడతాయి.

దేశం వదిలి వెళ్లినా ఆర్డరు ఆగదు. వెళ్లేముందే దరఖాస్తు వేసి, విచారణకు ఫోన్‌లోనో వీడియోలోనో హాజరవుతానని అడగండి.

జీతంలో ఎంతవరకు కోయొచ్చు? కంపెనీ నన్ను తీసేస్తుందా?

పన్నులు పోగా మిగిలినదాంట్లో, ఇంకో భార్యనో బిడ్డనో పోషిస్తుంటే 50 శాతం, లేకపోతే 60 శాతం వరకు. 12 వారాలకు మించిన బకాయి ఉంటే మరో 5 శాతం. రాష్ట్రాలు ఇంతకంటే తక్కువ పరిమితి పెట్టుకోవచ్చు. ఈ కోత వచ్చిందనే కారణంతో ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం.

బకాయి ఉంటే పాస్‌పోర్ట్, సిటిజన్‌షిప్ ఆగిపోతాయా?

బకాయి 2,500 డాలర్లు దాటితే అమెరికా పాస్‌పోర్ట్ ఇవ్వరు, రెన్యువల్ కూడా చేయరు. గ్రీన్ కార్డు మీద ఉండి సిటిజన్‌షిప్‌కు అప్లై చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పిల్లల పోషణను ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టారని తేలితే, సరైన కారణం చూపించలేకపోతే, మంచి నడవడిక లేదని దరఖాస్తు తోసిపుచ్చవచ్చు. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు పేమెంట్ హిస్టరీ ప్రింటు తీసుకెళ్లండి.

నా టాక్స్ రీఫండ్ పట్టుకున్నారు. అందులో నా రెండో భార్య జీతం కూడా ఉంది.

ట్యానిఫ్ కేసుల్లో బకాయి 150 డాలర్లు దాటితే, మిగతా కేసుల్లో 500 దాటితే ఫెడరల్ రీఫండ్ పట్టుకోవచ్చు. ఇద్దరూ కలిసి వేసిన రిటర్న్ అయితే, మీ భార్య ఫారం 8379 వేసి తన వాటా వెనక్కి తెచ్చుకోవచ్చు. వచ్చే ఏడాది రిటర్న్‌తోనే ఆ ఫారం జతచేస్తే ఈ తిప్పలు తగ్గుతాయి.

బకాయి మాఫీ చేయించుకోవచ్చా?

అది ఎవరికి చెందిన బకాయి అనేదాని మీద ఆధారపడి ఉంటుంది. రాష్ట్రానికి చెందిన భాగాన్ని తగ్గించుకునే పథకాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, కాలిఫోర్నియాలోనూ ఉంది. తల్లికి చెందిన భాగాన్ని ఏజెన్సీ మాఫీ చేయలేదు. ఆమె ఒప్పుకోవాలి. కాబట్టి ముందు బకాయిని రెండుగా విడదీసి చూపించమని అడగండి.

## సాయం ఆగిపోయాక

నాకు ఉద్యోగం వచ్చింది, గ్రాంటు ఆగింది. సపోర్ట్ మొత్తం ఎప్పటి నుంచి నాకు వస్తుంది?

సాయం ఆగిన తర్వాతి నెల నుంచి, ఆ నెల సపోర్ట్ పూర్తిగా మీది. చైల్డ్ సపోర్ట్ కేసు దానంతటదే కొనసాగుతుంది, మళ్లీ అప్లై చేయక్కర్లేదు. కాకపోతే వెల్ఫేర్ ఆఫీసు నుంచి చైల్డ్ సపోర్ట్ ఆఫీసుకు కబురు వెళ్లడంలో ఆలస్యాలు జరుగుతుంటాయి, డబ్బు ఇంకో నెల ప్రభుత్వానికే పోతుంటుంది. గ్రాంటు ఆగిందన్న నోటీసు కాపీని మీరే చైల్డ్ సపోర్ట్ ఆఫీసుకు పంపండి. అదే సమయంలో మీ కొత్త అడ్రసు, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వండి. పొరపాటున ఉంచుకున్నది తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.

పాత బకాయి ఇప్పుడు కడుతున్నాడు. అది నాదా, వాళ్లదా?

మామూలు పద్ధతిలో వచ్చిన డబ్బులో ముందు ఈ నెల సపోర్ట్, ఆ తర్వాత మీకు చెందిన బకాయి, చివర ప్రభుత్వానికి చెందినది. టాక్స్ రీఫండ్ పట్టుకుని తెచ్చిన డబ్బుకు మాత్రం చాలా రాష్ట్రాల్లో ఈ వరస తిరగబడి, ప్రభుత్వ బకాయి ముందు తీరుతుంది. అందుకే ఏప్రిల్‌లో ఆయన రీఫండ్ నుంచి పెద్ద మొత్తం పోయినా మీ దాకా ఏమీ రాకపోవచ్చు. కాలిఫోర్నియాలో 2024 నుంచి, సాయం వదిలేసిన కుటుంబాలకు ప్రభుత్వ వాటా బకాయి మీద వచ్చిన పేమెంట్లు కూడా ఇచ్చేస్తున్నారు. అక్కడ ఒకప్పుడు సాయం తీసుకుని వదిలేసినవాళ్లు ఏజెన్సీ దగ్గర మీ అడ్రసు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.

ఈ డబ్బు మీద టాక్స్ కట్టాలా?

అక్కర్లేదు. తీసుకునేవాళ్లకు ఆదాయం కాదు, కట్టేవాళ్లకు మినహాయింపూ లేదు.

## ఇండియాతో ముడిపడినవి

ఆయన ఉద్యోగం వదిలేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇక్కడి ఆర్డరు అక్కడ పనిచేస్తుందా?

నేరుగా పనిచేయదు. పిల్లల పోషణ వసూలుకు సంబంధించిన 2007 హేగ్ ఒప్పందం అమెరికాలో 2017 జనవరి నుంచి అమల్లో ఉంది, ఇండియా అందులో లేదు. పైగా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద ఇండియా గుర్తించిన దేశాల్లో అమెరికా లేదు. కాబట్టి ఇక్కడి ఆర్డరు తీసుకెళ్లి అక్కడి కోర్టులో అమలు చేయమంటే కుదరదు.

అక్కడ దారి వేరే. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 125 స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 వచ్చింది. దాని కింద బిడ్డకు మనోవర్తి కోరుతూ ఆయన ఉన్న ఊళ్లో ఫ్యామిలీ కోర్టుకు వెళ్లవచ్చు. మీరు ఇండియా తిరిగి వచ్చేస్తే మీరున్న ఊళ్లో, అది విజయవాడైనా వరంగల్ అయినా, వేసుకోవచ్చు. ఇక్కడి ఆర్డరు, ఇక్కడి పేమెంట్ హిస్టరీ అక్కడ సాక్ష్యంగా పెట్టుకోవచ్చు. సర్టిఫైడ్ కాపీలు మీరు అమెరికాలో ఉండగానే తీసుకోండి, దూరం నుంచి తెప్పించుకోవడం పెద్ద తలనొప్పి.

అమెరికాలో మీ కేసు మూయించకండి. ఆయన మళ్లీ ఇక్కడ ఉద్యోగంలో చేరిన రోజున కంపెనీ పంపే కొత్త ఉద్యోగి రిపోర్టుతో ఆయన పేరు బయటికొస్తుంది, అప్పటిదాకా పేరుకున్న బకాయితో సహా కోత మళ్లీ మొదలవుతుంది.